మా సోషల్ మేడమ్ రంగు

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర బస్సు దిగి తలెత్తగానే ఎవరో తెల్లటావిడ నా వైపు చూసి నవ్వుతోంది. గోడంత ఫ్లెక్సీ. పైన మూడు రంగుల పట్టీ, ఒక మూల జెండా పట్టుకున్న భారతమాత, ఇంకో మూల తెల్ల పావురం, నడుమ ఈ ఆవిడ. బుగ్గలు గులాబీ రంగు, నుదురు నూనె రాసినట్టు మెరుపు. కింద 'కన్నీటి నివాళి' అని పెద్దక్షరాలు. ఎవరో పాపం, చిన్న వయసులోనే పోయినట్టుంది అనుకుంటూ పేరు చదివాను. మా సోషల్ మేడమ్ పేరు.

ఆమె పోయిందని ఫోనొస్తేనే నేను ప్రొద్దుటూరు నుంచి బయల్దేరి వచ్చాను. దారంతా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుని, ఏడవడానికి సిద్ధపడి దిగిన మనిషిని. ఆ బొమ్మ చూశాక ఏడుపు రాలేదు, అసహ్యం వచ్చింది. సోడా బండి దగ్గర నిలబడి ఒక సోడా తాగి మళ్ళీ చూశాను. అదే తెలుపు, అదే నవ్వు. మెడలో నల్లతాడు, కళ్ళద్దాలు మాత్రం ఆమెవే.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ముందు ఇంటిపేరు పట్టుకుని కులం తీస్తారు, తర్వాత ఊరు తీస్తారు, ఆ తర్వాత ఓపికుంటే ఆమె ఎట్లాంటి మనిషో వింటారు. ఆ వరస ఆమెకు గిట్టేది కాదు. నాక్కూడా గిట్టదు.

మా సోషల్ మేడమ్ నల్లగా ఉండేది. చామనఛాయ అని మొహమాటానికి చెప్పే నలుపు కాదు, నలుపే. ఆ నలుపు మీద పసుప్పచ్చ చీరలు, పండుమిరప రంగు చీరలు కట్టేది. 'నల్లగుండేవాళ్ళకి లైటు కలర్లు నప్పుతాయి మేడమ్' అని మా కరెస్పాండెంటు భార్య ఒకసారి దయతలచి చెబితే, మర్నాడు కళ్ళు చెదిరే చిలకాకుపచ్చ కట్టుకొచ్చింది. ఎండలో గొడుగు వేసుకునేది కాదు. నేను నా గొడుగు ఇవ్వబోతే, "మీరేసుకోండి సార్. నాకింక నల్లబడేదానికి జాగా యాడుండాది?" అని ముందు నడిచేది. నల్లతాడు కట్టిన లావుపాటి కళ్ళద్దాలు మెడలో వేలాడుతుండేవి. నవ్వితే ఒక పక్కే నవ్వేది. ఎడమ బుగ్గ లేచేది, కుడి బుగ్గ కూర్చునే ఉండేది. ఫ్లెక్సీలో రెండు బుగ్గలూ సమంగా లేచాయి. అదీ దిద్దారన్నమాట.

మైదుకూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో మేమిద్దరం కలిసి పనిచేశాం. నేను తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లలకు సాయిబు సారుని. ఆమె సోషల్ చెప్పేది. ఆమె వాళ్ళ నాయన కమలాపురం వైపు బండల గనుల్లో రాళ్ళు కొట్టిన మనిషి. ఆమె పుట్టి పెరిగింది అక్కడి ఎస్సీ కాలనీలో, ఆ నల్లబండల మధ్యే. పిల్లలకు ఈ సంగతి ఎట్లా తెలిసిందో తెలిసింది, వాళ్ళు ఊరుకుంటారా? ఒకరోజు ఆమె తొమ్మిదో తరగతిలోకి వెళ్ళేసరికి బోర్డు మీద 'కడప బండ' అని రాసి ఉంది. పక్క గదిలో ఉన్న నాకు అంతా వినబడుతోంది.

"ఎవురు రాసినార్రా? అక్షరాలు బాగుండాయి," అంది.

ఎవరూ లేవలేదు.

"సరే. మీ ఇంట్లో పొయ్యి దేని మీద పెట్టినారు? చెప్పండ్రా."

"బండ మీద మేడమ్," అన్నారు నలుగురైదుగురు.

"ఏ బండ?"

సుద్దముక్కతో బోర్డు మీది అక్షరాలను తట్టిన చప్పుడు వినబడింది.

"కడప బండ. మీ అమ్మ రోజూ దాన్ని కడిగి, తుడిచి, ముగ్గేసి, దాని మీద అన్నం వండుతాది. మంచి పేరే పెట్టినార్రా నాకు. ఇంక పుస్తకం తియ్యండి."

ఆమె బోర్డు తుడవలేదు. పీరియడంతా ఆ అక్షరాల పక్కనే పాఠం రాసింది. బెల్లు కొట్టాక నేను ఆ గదిలోకి వెళితే ఒక వైపు 'కడప బండ', ఇంకో వైపు విజయనగర సామ్రాజ్యం ఉన్నాయి.

మా స్కూలు మెట్ల గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉండేది. కోట కడుతున్నారు. గుర్రం మీద రాజు, పక్కన మంత్రి, చుట్టూ రాళ్ళు మోసే జనం. బొమ్మలు వేసిన పెయింటరు ఏ ఊరివాడో గానీ, రాజుకీ మంత్రికీ మీగడ రంగు వేశాడు, రాళ్ళు మోసేవాళ్ళకి బొగ్గు రంగు వేశాడు. ఏళ్ళ తరబడి ఆ మెట్లెక్కి దిగిన నాకు అందులో వింతేమీ కనపడలేదు. ఆమె వచ్చిన మొదటి వారంలోనే పిల్లల్ని అక్కడ నిలబెట్టింది.

"అందరూ ఒకే చోట ఉండారు కదా. పొద్దున్నుంచీ ఎండలోనే ఉండారు కదా. రాజు మాత్రం ఎట్ల తెల్లగుండాడు? ఆయనకేమన్నా వేరే ఎండ కాస్తాదా?"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆ సాయంత్రం అన్ని ఇళ్ళలోనూ ఈ ప్రశ్న తిరిగినట్టుంది. మూడో రోజుకు ఒక తండ్రి వచ్చాడు. పొలాలున్న ఆసామి, ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టులు చేస్తున్నాడు, చేతికి లావుపాటి కడియం. "ఏం సార్, మీ టీచరు మన రాజుల్ని అవమానం చేస్తాందంట?" అని కరెస్పాండెంటు గదిలో గట్టిగా అరిచాడు. ఆ రాజు ఈయనకేమవుతాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఈయన ముఖం మాత్రం ఆ రాళ్ళు మోసేవాళ్ళ రంగులోనే ఉంది. మా కరెస్పాండెంటు మేడమ్‌ను పిలిచి, చరిత్రను చరిత్రలాగా చెప్పమన్నాడు. ఆమె "అట్లనే సార్" అని వచ్చేసింది. మెట్ల దగ్గర మాత్రం రాజు మొహం వైపు ఒకసారి చూసి, ఎడమ బుగ్గతో నవ్వి పైకెక్కింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె దేవుళ్ళ సంగతి ఎత్తేది. స్టాఫ్‌రూములో ఒక గోడకు క్యాలెండరు, అందులో కృష్ణుడు. "నల్లనోడా నల్లనోడా అని పాటలు పాడతారు. గుళ్ళో నల్లరాయికి దండం పెడతారు. బొమ్మ గీసేటప్పుడు నలుపు పుయ్యాలంటే చెయ్యి రాదు, నీలం పూస్తారు. నీలం మనిషిని ఎవరన్నా చూసినారా సార్?" అనేది. హిందీ టీచరు డబ్బా మూసుకుని లేచిపోబోతే, "కూర్చోండి మేడమ్, మాది కూడా చెప్తా. మా చర్చిలో ప్రభువు ఉండాడు. వడ్లంగి పని చేసిన మనిషి, ఎండలో ఊరూరా తిరిగిన మనిషి. బంగారు జుట్టు, నీలం కండ్లు. మా పాస్టరునడిగితే, 'అమ్మా, భక్తి ముఖ్యం గానీ రంగు కాదు' అన్నాడు. రంగు ముఖ్యం కాకపోతే ఒక్కసారన్నా నల్లగా ఎయ్యొచ్చు కదా?" అని ముద్ద నోట్లో పెట్టుకునేది.

"మీకు బొమ్మల్లేవు, బతికిపోయినారు," అంది ఒకరోజు నాతో.

"ఏం బతకడం మేడమ్. మాలో నిఖా మాటలొస్తే ముందడిగేది పిల్ల గోరీనా, తెల్లగుందా లేదా అనే," అన్నాను. మా పెద్దనాయన సంగతి కూడా చెప్పాను. మా వంశం అరబ్బు దేశం నుంచి గుర్రాల మీద వచ్చిందని ఆయన పెళ్ళిళ్ళలో పేటకు పేట పిలిచి చెబుతాడు. ఆయన్ను చూస్తే కమలాపురం పొలిమేర దాటి వచ్చినట్టు కూడా ఉండదు. మేడమ్ పొలమారేలా నవ్వింది. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా "ఏం సార్, గుర్రం యాడ కట్టేసినారు?" అని అడిగేది.

ఇక ఆగస్టు పదిహేను సంగతి. మా స్కూల్లో ప్రతి ఏడూ ట్రాక్టరు ట్రాలీ మీద భారతమాతను ఊరేగించేవాళ్ళు. భారతమాత చుట్టూ ముగ్గురు మగపిల్లలు. ఒకడికి బొట్టు, ఒకడికి మెడలో సిలువ, ఒకడికి టోపీ. టోపీ నాది. జులై ఆఖరుకొస్తే చాలు, "సార్, టోపీ మర్చిపోవద్దండి" అని ఆఫీసు నుంచి కబురు. నేను రంజానుకు, బక్రీదుకు పెట్టుకునే టోపీ అది. ఏడాదంతా నేనొకణ్ణి ఉన్నానని గుర్తులేనివాళ్ళకు ఆ ఒక్కరోజు మాత్రం నా టోపీ కావాలి. దాన్ని ఏ రెడ్ల పిల్లవాడి నెత్తినో పెట్టి, దేశమంతా ఒకటేనని మైకులో చెప్పేవాళ్ళు.

భారతమాతను ఎంచే పద్ధతి ఇంకా రోత. కరెస్పాండెంటు భార్య ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్ని ఆఫీసు ముందు ఎండలో వరసగా నిలబెట్టేది. "చేతులు చాపండమ్మా" అనేది. పిల్లలు మోచేతుల దాకా చాపేవాళ్ళు. ఆమె సంతలో వంకాయలు ఏరినట్టు ఒక్కొక్క చెయ్యీ చూసుకుంటూ పోయేది. తనకే అనుమానం వస్తే రెండు చేతులు పక్కపక్కన పెట్టి చూసేది. తెల్ల చెయ్యి పిల్ల నిలబడేది, మిగతావాళ్ళు క్లాసులకు పోయేవాళ్ళు. పోయేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని పోయేవాళ్ళు. అది చూసి నాకు ఎంత అసహ్యం వేసేదంటే, ఆ పూట అన్నం సహించేది కాదు.

ఒక ఏడు కరెస్పాండెంటు భార్య బంధువుల పెళ్ళికని అనంతపురం వెళ్ళింది. ఏర్పాట్లు మా సోషల్ మేడమ్ మీద పడ్డాయి. ఆమె ఎవర్నీ చెయ్యి చాపమనలేదు. బరువైన జెండా కర్ర ఒకటి తెచ్చి, కదలకుండా ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారో చూద్దామంది. ఒక్కొక్కరే దించేశారు. చివరకు శిరీష మిగిలింది. ఆర్టీసీ డ్రైవరు కూతురు, తొమ్మిదో తరగతి. మేడమంత నలుపు. గంభీరమైన పిల్ల, చెమట కళ్ళలోకి కారుతున్నా రెప్ప వాల్చలేదు.

"ఈమే భారతమాత," అంది మేడమ్.

ఎవరో పిల్ల కిసుక్కుమంది. "మేడమ్, భారతమాత తెల్లగుంటాది కదా," అంది ఇంకో పిల్ల, నిజంగానే అనుమానమొచ్చి.

"భారతమాతది ఏ ఊరు? మన ఊరే కదా? నల్లరేగట్లో తిరిగే తల్లి తెల్లగెట్లుంటాది?"

శిరీష ఆ రెండు వారాలు కాళ్ళు నేలమీద ఆనకుండా తిరిగింది. వాళ్ళమ్మ స్కూలు గేటు దగ్గరకొచ్చి మేడమ్ చేతులు పట్టుకుంది. ఆ దృశ్యం చూసి నాకు కూడా ఎందుకో టోపీ ఉతికించాలనిపించింది. ఆ ఏడు ఇస్త్రీ చేసి ఇచ్చాను.

పండుగ నాడు పొద్దున్నే కరెస్పాండెంటు భార్య దిగింది. శిరీషను చూసి నెత్తి కొట్టుకుంది. ఊరేగింపుకు ముఖ్య అతిథి వస్తున్నాడు, ఫొటోలు తీస్తారు, వేరే పిల్లకు చీర కట్టే టైము లేదు. ఆ పిల్లను గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. మా మేడమ్ అప్పటికి పిల్లల్ని వరసలు కట్టిస్తూ గ్రౌండులో ఉంది. శిరీష బయటికొచ్చేసరికి ముఖమంతా పెళ్ళికూతురి మేకప్పు, దాని మీద పౌడరు. సున్నం కొట్టిన గోడలాగుంది. మెడ దగ్గర గీత గీసినట్టు తెలుపు ఆగిపోయింది. చేతులకు పూసే టైము చాలలేదు. తెల్ల ముఖం, నల్ల చేతులు, చేతుల్లో జెండా. ఆ పిల్ల మాత్రం సంబరంగా ఉంది. ట్రాలీ ఎక్కేముందు ఆఫీసు అద్దంలో రెండుసార్లు చూసుకుంది.

నాలుగు రోడ్ల దగ్గర మోటారు సైకిళ్ళ మీద కూర్చున్న కుర్రకారు మొదట చూశారు. "మామా, భారతమాతకి మొగం ఒకూర్ది, చేతులింకో ఊర్ది రా!" అన్నాడొకడు. మిగతావాళ్ళు ఈలలు వేశారు. షాపులవాళ్ళు బయటికొచ్చి చూసి నవ్వారు. బ్యాండు వాయించేవాళ్ళు కూడా నవ్వారు. శిరీష జెండా కర్ర వదల్లేదు, చేతుల్ని మాత్రం చీర కొంగులో దాచుకోవాలని చూస్తోంది. చెమటకు పౌడరు చారలు కట్టింది.

మా మేడమ్ వరస వెనకాల నుంచి వచ్చింది. ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి ఆపించింది. సోడా బండి మీది తువ్వాలు లాక్కుని, నీళ్ళలో ముంచి, చీర ఎగ్గట్టి ట్రాలీ ఎక్కింది. శిరీష గడ్డం పట్టుకుని ముఖమంతా తుడిచేసింది. తువ్వాలు తిప్పి మళ్ళీ తుడిచింది. "ఇప్పుడు నిలబడు. తలెత్తు," అంది. 

నవ్వులు ఆగిపోయాయి. కానీ ఆ పిల్ల తలెత్తలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. జనంలోంచి వాళ్ళమ్మ దూసుకొచ్చి ట్రాలీ పట్టుకుంది.

"ఎందుకు తుడిచినావు మేడమ్? ఒక్క పొద్దన్నా నా బిడ్డ తెల్లగుండకూడదా?"

మేడమ్ చేతిలో తువ్వాలు నీళ్ళు కారుతోంది. ఆమె ఏ మాటకైనా తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి. ఆ మాటకు మాత్రం తువ్వాలు సోడా బండివాడికి ఇచ్చేసి వరస వెనక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. 'భారతమాతకు అవమానం' అని పైన రాశారు. తుడిచింది మాత్రమే ఉంది అందులో, పూసింది లేదు, నవ్వింది లేదు. మర్నాడు కరెస్పాండెంటు గదిలో పంచాయితీ. కడియం ఆసామి కూడా వచ్చి కూర్చున్నాడు.

"భారతమాత మొగం నడి రోడ్డులో తుడిచేదేంది మేడమ్?" అన్నాడు కరెస్పాండెంటు.

"నేను తుడిచింది పౌడరు సార్."

"వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు కదప్పా, మన తల్లి అంటే వాళ్ళకు భక్తెందుకుంటాది?" అన్నాడు ఆసామి, ఆమె ఎదురుగా లేనట్టు.

నేను ఉండబట్టలేక, "పిల్లను చూసి ఊరంతా నవ్వుతుంటే ఆమె ఒక్కతే ఆపింది సార్. నవ్వినోళ్ళది అవమానం కాదా?" అన్నాను. కరెస్పాండెంటు బల్ల సొరుగు లాగి నా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మీ టోపీ తీసుకోండి సార్. మీకెందుకు ఇవన్నీ," అన్నాడు. ఇస్త్రీ నలగలేదు. ఆ గదిలో ఊపిరి పీల్చాలంటే కంపరమెత్తింది నాకు.

క్షమాపణ రాసివ్వమంటే ఆమె రాయలేదు. మరుసటి జూన్‌లో రావద్దన్నారు. కమలాపురంలో చిన్న స్కూలు చూసుకుంది. నేను కూడా ఆ మరుసటేడు ప్రొద్దుటూరు వెళ్ళిపోయాను. నా టోపీ లేకుండా వాళ్ళ దేశం ఎట్లా ఒకటైందో నాకు తెలియదు.

ఆమెకు జబ్బు ముదిరి కర్నూల్లో ఆసుపత్రిలో ఉందంటే చూడబోయాను. మనిషి సగమైంది. పక్క మంచం వాళ్ళ టీవీలో ఏదో ఫేస్‌క్రీము ప్రకటన వస్తోంది. "దీన్ని ఆపమని చెప్పండి సార్, దీనితోనే ముందు పోయేటట్టుండా," అంది. కాసేపు గుర్రం సంగతి మాట్లాడుకున్నాం. లేవబోతుంటే చెయ్యి ఊపి కూర్చోమంది.

"నేను పోతే ఫ్లెక్సీ ఏస్తారు సార్. మన ఊర్ల సంగతి తెలుసు కదా, కుక్కపిల్ల పుట్టినరోజుకు కూడా ఏస్తాండారు. ఏసుకోనీండి. తెల్లగా మాత్రం చెయ్యనియ్యొద్దు."

"అట్లాంటి మాటలెందుకు మేడమ్?"

"వినండి సార్. ఆ పిల్ల మొగం తుడిచినాను, నాకు శానా చెడ్డపేరొచ్చింది. పేరు పోతే పోనీ. ఆ పిల్ల నన్ను చూసిన చూపు మాత్రం ఇంకా నిద్ర పట్టనియ్యదు. నా మొగమన్నా నా మొగం మాదిరి ఉండనీండి. అంతకంటే నాకేం అక్కర్లేదు."

సరేనన్నాను. అందుకే నాలుగు రోడ్ల దగ్గర ఆ గులాబీ బుగ్గలు చూసి మట్టి వెయ్యడానికి పోవాల్సినవాణ్ణి ముందు ఫ్లెక్సీ షాపు వెతుక్కుంటూ పోయాను. కింద షాపు పేరు వేసుకుంటారు కాబట్టి తొందరగానే దొరికింది. షాపాయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు.

"తెల్లగా చెయ్యమని ఎవురూ చెప్పే పన్లేదు సార్. ఫొటో ఏస్తానే కంప్యూటరే చేసేస్తాది. నేనే రోంత తగ్గించినా," అన్నాడు.

"ఉన్నదున్నట్టు కొట్టవయ్యా."

"ఉన్నదున్నట్టు కొడితే మొగం రాదు సార్. మచ్చ మాదిరి పడతాది. ఎవురికి కొట్టినా ఇంతే. మీ ఇష్టం."

నా ఫోనులో పండుమిరప చీరలో ఆమె ఫొటో ఉంది, ఒక బుగ్గ నవ్వుతో. దగ్గర కూర్చుని దాన్నే కొట్టించాను. మచ్చలాగా ఏమీ పడలేదు. ఆమే పడింది. పాతది దించి చుట్ట చుట్టించి, కొత్తది కట్టించి, అప్పుడు ఆమెను తెచ్చి ఉంచిన మైదుకూరు కాలనీకి, ఆమె తమ్ముడి ఇంటికి పోయాను.

సమాధుల తోటలో పాస్టరు బాగానే మాట్లాడాడు. ఆమె ఇప్పుడు తెల్లని వస్త్రాలు ధరించి ప్రభువు సన్నిధిలో ఉందన్నాడు. అక్కడ కూడా తెలుపేనా అనుకున్నాను. గుప్పెడు మట్టి వేసి బయటికొచ్చి, ఇంకోసారి ఆమెను ఆమెగా చూద్దామని నాలుగు రోడ్లకు నడిచాను. అప్పటికే ఆమె తమ్ముడు నిచ్చెనెక్కి నా ఫ్లెక్సీ తాళ్ళు కోస్తున్నాడు. కింద ఒక అమ్మాయి, చంకలో చంటిపిల్లతో, తెల్ల ఫ్లెక్సీ చుట్ట పట్టుకుని నిలబడింది.

"ఎందుకప్పా దించుతాండావు?" అన్నాను.

అతను నిచ్చెన మీది నుంచే అరిచాడు. "చచ్చినాక కూడా మా అక్కకు అవమానమా సార్? బతికినన్నాళ్ళు నల్లది నల్లది అని ఏడిపించినారు. ఇప్పుడు నడి రోడ్డులో నిలబెట్టి చూపిస్తారా?"

"మీ అక్కే అడిగిందప్పా. నాతో చెప్పింది."

"అడిగింటాది. ఆమె పోయింది. మేము ఈడనే తలెత్తుకుని తిరగల్ల కదా."

ఆ పదం నేను వినడం మూడోసారి. రాజు రంగు అడిగితే అవమానం, పౌడరు తుడిస్తే అవమానం, ఆమె ముఖం ఆమెకు పెడితే అవమానం. మొదటిసారి అన్న ఆసామి మీద ఉమ్మేయాలనిపించింది. ఈ తమ్ముడి మీద ఎట్లా ఉమ్మేది? కన్నీళ్ళు కారుస్తూ తాళ్ళు కోస్తున్నాడు.

చంకలో పిల్లతో ఉన్న అమ్మాయి దగ్గరికొచ్చింది. "నన్ను గుర్తుపట్టలేదా సార్? శిరీషను."

పాత స్టూడెంట్లందర్నీ పోగేసి ఆ తెల్ల ఫ్లెక్సీ వేయించింది ఆమేనట. ఇప్పుడు తనూ టీచరట. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"మేడమ్‌కు ఇది ఇష్టం లేదమ్మా. ఆ పొద్దు నీ మొగం ఎందుకు తుడిచిందో నీకు తెలీదా?"

"తెలుసు సార్. పెద్దైనాక తెలిసింది. ఆమె మాదిరి ఇంకెవురూ నాకు చెయ్యలా," అంది. "కానీ మేడమ్‌కు ఒకటి తెలీదు. ఆ పొద్దు జనం నవ్వింది తెల్ల మొగాన్ని చూసి కాదు సార్, నల్ల చేతుల్ని చూసి. ఈ జాగాలోనే. మళ్ళీ ఈడనే మేడమ్‌ను చూసి ఎవురన్నా నవ్వితే నేను తట్టుకోలేను."

చంకలో పిల్ల ముఖం నిండా పౌడరు ఉంది, మెడ దాకా. శిరీష చుట్ట విప్పి ఒక కొస తమ్ముడికి అందించింది. తెల్ల మేడమ్ మళ్ళీ పైకెక్కి రెండు బుగ్గలతో నవ్వింది. నేను కొట్టించిన ఫ్లెక్సీని మడిచి నా చేతిలో పెట్టారు. ప్రొద్దుటూరు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళ మీద, రాజుల మీద, దేవుళ్ళ మీద, ట్రాలీల మీది తల్లుల మీద నాకు ఆ రోజు పుట్టిన రోత ఇంతా అంతా కాదు.

మొన్న వేసవిలో కమలాపురం వైపు ఒక పెళ్ళికి పోతూ రోడ్డు పక్కన కారు ఆపాం. ఉల్లిగడ్డలు ఆరబోసి కుప్ప చేశారు. కుప్ప మీద కప్పిన పాత ఫ్లెక్సీలో లావుపాటి కళ్ళద్దాలు, నల్లతాడు, ఒక మూల పావురం. రెండు ఎండాకాలాల ఎండకు ఎరుపు, పసుపు ఎగిరిపోయాయి. గులాబీ బుగ్గలు లేవు. పైన పట్టీలో కాషాయం లేదు. మొత్తం బొమ్మలో మిగిలింది నీలం ఒక్కటే. మా సోషల్ మేడమ్ నీలంగా ఉంది.

కుప్ప పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉల్లిగడ్డలు ఏరుతున్నాడు.

"ఇది యాడిది పెద్దాయనా?" అన్నాను.

"మైదుకూర్లో పాత ఫ్లెక్సీలు అమ్ముతాంటే తెచ్చుకున్యా సార్. మిగతావి చింపి గొర్రెల కొట్టానికి కప్పినా. దీన్ని చింపబుద్ధి కాలా. అమ్మవారు కదా."

"అమ్మవారా?"

"నీలంగా ఉండాదే. ఏ అమ్మవారో తెల్దు గానీ, కాలు తగలకుండా మొగం పైకి పెట్టుకున్యా."

"అమ్మవారు కాదు పెద్దాయనా. నాకు తెలిసిన మనిషి. మైదుకూర్లో పిల్లోళ్ళకి సోషల్ చెప్తాండె. నీలంగా కాదు, నల్లగా ఉండె."

ఆయన బొమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ బొమ్మ వైపు చూశాడు.

"అట్లయితే ఈమె కాదులే సార్," అని, భుజం మీది తువ్వాలు తీసి ఆమె ముఖం మీద పడిన ఉల్లిపొట్టు భక్తిగా తుడిచాడు.